చెక్క చర్చి పడమటి గోడ

నేను యూనివర్సిటీలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి ఇది తక్కువ సంగతి కాదు. చరిత్ర, తత్వశాస్త్రం, రసాయనశాస్త్రం, అన్ని డిపార్ట్‌మెంట్లలోనూ కూర్చున్నాను. ఎక్కువగా నేల మీద, విరిగిన కుర్చీ ఒళ్ళో పెట్టుకుని. నేను వడ్రంగిని. కాంట్రాక్టరు పిలిచినప్పుడు పోయి కుర్చీలు, తలుపులు, బీరువాలు బాగుచేసి వస్తాను. ఇన్నేళ్ళలో నేను కనిపెట్టింది ఒక్కటే. చదువు పెరిగే కొద్దీ మనిషి కుర్చీని వెనక్కి వాల్చి కూర్చుంటాడు. అందుకే విద్యార్థుల కుర్చీలకు ముందు కాళ్ళు, ప్రొఫెసర్ల కుర్చీలకు వెనక కాళ్ళు విరుగుతాయి. దీని మీద నాకు ఎవరూ డాక్టరేట్ ఇవ్వలేదు.

మా చర్చి తార్నాకలో ఉంది. మెట్రో దిగి, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింటు, లేడీస్ హాస్టలు దాటి సందులోకి తిరిగితే కనపడుతుంది. నిజానికి కనపడదు, చుట్టూ నాలుగంతస్తుల ఇళ్ళు లేచాయి. రెండు బిల్డింగుల నడుమ గంట ఒకటి వేలాడుతూ ఉంటుంది, దాని కింద వెతుక్కోవాలి. మొత్తం టేకు. స్తంభాలు టేకు, దూలాలు టేకు, నాలుగు గోడలూ టేకు పలకలే. పైన పెంకులు. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క రెక్కలు. ఇటుక అనేది మెట్ల దగ్గర తప్ప ఎక్కడా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని చర్చి అనుకోరు. ఒకాయన లోపలికి వచ్చి, మంచాలు చేసి ఇస్తారా అని అడిగాడు. చేసిచ్చాను.

ఈ చర్చి ఇక్కడ పుట్టలేదు. అడవి అంచున, టింబర్ డిపో ఉన్న ఒక చిన్న టౌనులో పుట్టింది. అప్పట్లో ఒక మిషనరీ దొర కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడట. అక్కడ ఇటుక కన్నా కలప చౌక, అందుకని చెక్కతో కట్టారు. దొర వెళ్ళిపోయాడు. తర్వాత సంఘంలో సగం మంది బతుకుదెరువుకు హైదరాబాదు వచ్చేశారు. కొందరు రైల్వే పనిలో, కొందరు హాస్టల్ వంటశాలల్లో, మావాళ్ళు వడ్రంగంలో. అక్కడ రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు, చర్చి సరిగ్గా రోడ్డు మధ్యలోకి వచ్చింది. సంఘ పెద్దలు కూర్చుని ఆలోచించి, రాతి చర్చి అయితే వదిలేసేవాళ్ళం, చెక్కది కాబట్టి విప్పుకు పోదాం అన్నారు. రెండు లారీల్లో చర్చి తార్నాక వచ్చింది. విప్పిందీ, మళ్ళీ నిలబెట్టిందీ మా నాయిన. అప్పటికి ఆయనకు ముప్పై నిండలేదు. నేను పుట్టలేదు. లేకపోతే నన్ను కూడా లారీ ఎక్కించేవాడు.

మా సంఘంలో వడ్రంగికి మర్యాద ఎక్కువ. కారణం బైబిలు చదివినవాళ్ళకు తెలుసు, యేసు పెరిగింది వడ్రంగి ఇంట్లోనే. ఏటా వానాకాలంలో చర్చి వార్షికోత్సవం జరుగుతుంది. ఆ రోజు నాయిన ముందు వరస కుర్చీలో కూర్చుంటాడు. సెక్రెటరీ లేచి, "ఒక్క పలక కూడా తప్పిపోకుండా, ఎక్కడిదక్కడ పెట్టిన చేతులు ఇవి" అంటాడు. శాలువా కప్పుతారు. సెక్రెటరీలు మారారు కానీ ఆ వాక్యం మారలేదు. మా ఇంట్లో దుప్పట్లు కొన్న జ్ఞాపకం నాకు లేదు.

ఇంకో ఆచారం చెప్పాలి. మా చర్చిలో మగవాళ్ళు పడమటి వైపు, ఆడవాళ్ళు తూర్పు వైపు కూర్చుంటారు. పిల్లలు ఎటు కూర్చోబెడితే ఏడవరో అటు. గట్టి వాన వచ్చినప్పుడు మాత్రం పడమటి గోడ కారుతుంది. అప్పుడు పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపుతారు. ఒక పాట ఎత్తుకుంటారు. పాట పాడుతూనే మగవాళ్ళంతా వెనక బల్ల నుంచి వరసగా లేచి తూర్పు వైపు పోతారు. ఆడవాళ్ళు జరుగుతారు. ఎవరి ఇంటివాళ్ళ పక్కన వాళ్ళు సర్దుకుంటారు. పాట అయ్యేసరికి సంఘమంతా ఒకే వైపు ఉంటుంది. దీన్ని 'వానకు లేవడం' అంటారు. దీని మీద ఒక అయ్యగారు, పైనుంచి దిగివచ్చు దానికి పురుషుడు తన ఆసనమును విడిచి చోటిచ్చుట అని గంటసేపు ప్రసంగం చేశారు. మేమంతా తడిసిన చొక్కాలతో ఆమేన్ అన్నాం. కొత్తగా పెళ్ళయిన మగపిల్లలు ఆదివారం పొద్దున ఆకాశం చూసి చర్చికి బయల్దేరతారు. పెద్దలు దాన్ని భక్తి అనుకుంటారు.

ఇలా బాగానే జరుగుతుండగా యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చరిత్రలో పరిశోధన. కోస్తావాళ్ళు, హబ్సిగూడలో ఫ్లాటు. మా చర్చి కట్టడం మీద, దాని కథ మీద థీసిస్ రాస్తానంది. టేపు పట్టుకుని మూడు నెలలు ప్రతిదీ కొలిచింది. నన్నూ ఒకసారి కొలిచింది, కిటికీ ఎత్తు తెలియడానికి పక్కన నిలబెట్టి. అది ఆమె థీసిస్‌లో ఫోటోగా ఉంది. కింద 'స్థానిక వడ్రంగి' అని రాసింది. మనిషి ఎత్తు రాసింది, పేరు రాయలేదు. స్తంభానికి కూడా అంతే కదా.

లోపలి గోడల మీద ఆమెకు గాట్లు కనిపించాయి. ఉలితో చెక్కినవి, ఒక పలకకు ఒకటి, పైదానికి రెండు, ఆ పైదానికి మూడు.

"ఇవేంటండీ మేస్త్రి గారూ?"

"మా నాయిన సంతకం మేడం. ఆయనకు రాయనీకి రాదు."

అది ఆయన లెక్క. విప్పేటప్పుడు ఏ పలక తర్వాత ఏ పలకో మర్చిపోకుండా ప్రతి పలకకూ గాట్లు పెట్టాడు. నియమం ఒకటే: గాటు నీ దిక్కు చూడాలి. విప్పేటప్పుడు చర్చి లోపల నిలబడి విప్పాడు, కాబట్టి గాట్లన్నీ లోపలి ముఖం మీద పడ్డాయి. మళ్ళీ నిలబెట్టేటప్పుడు గాటు తన దిక్కు చూసేలా పలక దింపితే చాలు, ఎక్కడిదక్కడ కూర్చుంటుంది. చదువురాని మనిషి కనిపెట్టిన పద్ధతి. నేను బడి మానేసిన మరుసటి రోజే నాకు నేర్పాడు. దేవుడి పది ఆజ్ఞల కన్నా ముందు నాకు ఇది వచ్చింది.

"మూడు గోడలకే ఉన్నాయండీ," అందామె. "పడమటి గోడకు లేవేంటి?"

"రంగు కింద పోయుంటయ్," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

వార్షికోత్సవానికి వారం ముందు పడమటి గోడ అడుగున నాలుగు పలకలు పుచ్చిపోయాయని సెక్రెటరీ నన్ను పిలిచాడు. మా గోడలకు మేకులు ఉండవు. స్తంభాలకు నిలువుగా గాడి తీసి, పలకలు పైనుంచి ఒకదాని మీద ఒకటి దింపుతారు. అడుగుదాన్ని తియ్యాలంటే పైవన్నీ ఎత్తాలి. సంఘంలో పదవుల లాగే. సోమవారం ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని మొదలుపెట్టాను. ఫోటోలు తీసుకుంటానని ఆ అమ్మాయి కూడా వచ్చింది.

మొదటి పలక కిందికి దించి, సందు వైపు ముఖం మీద రంగు గీకాను. గాట్లు కనిపించాయి. బయటి ముఖం మీద.

నేను ఉలి కింద పెట్టి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

మామూలుగా ఈ పలకలకు కింది అంచున ఒక పెదవి ఉంటుంది. అది కింది పలక మీద వాలి ఉంటుంది. పెదవి బయటికి ఉంటే వాన నీళ్ళు దాని మీదుగా జారి పోతాయి. పెదవి లోపలికి తిరిగితే నీళ్ళు పలకల సందులో నిలబడి లోపలికి వస్తాయి. పడమటి గోడ పెదవులన్నీ లోపలికే ఉన్నాయి. గోడ మొత్తం లోపలిది బయటికి తిరిగి ఉంది. ఇన్నేళ్ళు అది కారింది అందుకే. నేను ఆ గోడకు ఆనుకుని నలభై ఏళ్ళు ప్రసంగాలు విన్నాను. ఆ పెదవులకు వీపు గోక్కున్నాను. వృత్తి వడ్రంగం. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

ఎలా జరిగిందో ఆ అమ్మాయికి చెప్పకూడదనుకున్నాను. ఆమే అడిగి అడిగి రాబట్టింది. మూడు గోడలు లోపల నిలబడి పెట్టాడు నాయిన, ఇంట్లో వందసార్లు విన్న కథే. సందుకు అడ్డమని బల్లలు, పెంకులు అన్నీ లోపలికి చేర్చారు. నాలుగో గోడ దగ్గరికి వచ్చేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. సందులోకి వచ్చి బయటి నుంచి పలకలు దింపాడు. గాటు నీ దిక్కు చూడాలి. చూసింది. ఆయన ఉన్నది బయట.

"అబ్బ!" అంది ఆ అమ్మాయి. ఆమె ముఖం వెలిగింది. "ఇది నా ఐదో అధ్యాయం అండీ!"

"అది మా నాయిన మేడం," అన్నాను.

వార్షికోత్సవం రోజు ఈమెతో పది నిమిషాలు మాట్లాడించాలని సంఘం అప్పటికే అనుకుంది. తెర మీద బొమ్మలతో సహా. ముందు వరస కుర్చీలో నాయిన ఉంటాడు. ఎనభై దాటాడు, కంటి చూపు మందం, చెవులు మాత్రం బంగారం. 'ఎక్కడిదక్కడ పెట్టిన చేతులు' అని సెక్రెటరీ అనడం, వెంటనే ఈమె లేచి కాదని తెర మీద చూపించడం, నా కళ్ళకు కట్టింది. ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఆ ఒక్క వాక్యమే. శాలువాలు పక్కన పెడితే.

మర్నాడు పనివాళ్ళను చర్చి దగ్గర వదిలి యూనివర్సిటీకి పోయాను. ఆ అమ్మాయి కుర్చీ కిర్రుమంటోందని వంక. అది కిర్రుమనదు. కొంచెం వదులు చేశాను, అప్పుడు కిర్రుమంది. దాన్ని బిగిస్తూ విషయం ఎత్తాను.

"మేడం, గా ముచ్చట జర పక్కకు పెట్టరాదు?"

"నిజం కదండీ మేస్త్రి గారూ."

"నిజమే. నిజం యాడికి పోతది? గోడల ఉంటది. ఇన్నేండ్లు ఉండలేదా?"

ఆమె నవ్వలేదు. నా జోకుకు నవ్వని మనిషిని చూస్తే నాకు కొంచెం గౌరవం కలుగుతుంది. పెన్ను కొరుకుతూ అంది. "ఫంక్షన్‌లో చెప్పనండీ. తాతగారి ముందు నాకూ చెప్పాలని లేదు. థీసిస్‌లో మాత్రం రాయాలి. రాయకపోతే అబద్ధం రాసినట్టే."

థీసిస్‌లు పెట్టే బీరువా నాకు తెలుసు. కిందటేడు దాని తలుపుకు కొత్త కీలు వేసింది నేనే. ఆ తర్వాత ఎవరూ తెరిచినట్టు లేదు, కీలు మీద నూనె అలాగే ఉంది. "రాసుకోండి మేడం," అన్నాను పెద్ద మనసుతో.

కానీ నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ గోడ విప్పాను. పలకలన్నీ తిప్పి, పెదవులు బయటికి వచ్చేలా దింపితే సరి. గోడ కారదు. గాట్లు లోపలికి వస్తాయి, మిగతా మూడు గోడలతో కలిసిపోతాయి. రంగు వేస్తే అయిపోయింది. తండ్రి తప్పు కొడుకు దిద్దినట్టు ఎవరికీ తెలియదు. బుధవారం పొద్దున పనివాళ్ళకు చెప్పి ఆరు పలకలు తిప్పి దింపించాను. మధ్యాహ్నానికి నాయిన వచ్చాడు.

వారాసిగూడలో మా ఇంటి నుంచి ఆటోలో వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. కర్ర ఆనించి, గోడ దగ్గరికి వచ్చి, బొటనవేలితో పలకలు తడమడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి అక్కడే ఉంది. ఫోను జేబులో పెట్టేసుకుంది.

"ఏం చేస్తున్నవ్ రా?"

"అడుగు పలకలు పుచ్చినయ్ నాయిన. కొత్తయి ఏస్తున్న."

"కొత్తయి ఏయి. తిప్పుతున్నవెందుకు?"

"ఏం తిప్పిన?"

"పెదవి బయటకున్నది," అన్నాడు. బొటనవేలు ఇంకా అక్కడే ఉంది. "నేను లోపలికి పెట్టిన."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇది నా జీవితంలో రెండోసారి. మొదటిది పెళ్ళిలో.

"నీకు ఎరుకనా?"

"గోడ ఎక్కిచ్చింది నేను. నాకు ఎరుకలేక ఇంకెవరికి ఎరుక? మొదటి వానకే తెలిసింది."

"మరి సరిచెయ్యకపోతివి?"

నాయిన చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి నీళ్ళ సీసా ఇస్తే రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చాడు. "చేద్దామనే అనుకున్న బిడ్డా," అన్నాడు, నాతో కాదు, ఆ అమ్మాయితో. "ఆదివారం వాన కొట్టింది. నీళ్ళొచ్చినయ్. నా పానం పోయింది. పక్క బల్లాయన లేచిండు, ఇంకొకాయన లేచిండు, అందరు అటు పోయిన్రు. నేను గూడ పోయిన. ఆమె జరిగింది. పక్కన కూసున్న."

ఆమె అంటే మా అమ్మ. పోయి నాలుగేళ్ళయింది.

"వారాసిగూడల రెండు అర్రలు. పదకొండు మందిమి. మా అమ్మ, తమ్ముండ్లు, మరదండ్లు, పిల్లలు. పెండ్లయి మూడేండ్లు. పగటిపూట ఆమె పక్కన కూసున్నది లేదు. గీడ కూసున్న, గంటసేపు. అయ్యగారే కూసోమన్నడు, ఎవలేమంటరు?" ఆగి, కర్రతో నేల మీద ఏదో గీశాడు. "సోమవారం వచ్చి ఇప్పి సరిజేద్దామని ఉలి తెచ్చుకున్న. ఉలి పట్టుకుని గీడనే కూసున్న. మళ్ళ ఇంటికి పోయిన."

"అమ్మకు తెలుసా?" అని అడిగాను.

"ఆమె నవ్వేది. మేస్త్రి, నీ గోడ మంచిగ కారుతున్నదనేది."

ఆ అమ్మాయి కళ్ళద్దాలు తుడుచుకుంది. నేను స్తంభం గాడిలో దుమ్ము ఊదాను, అందులో దుమ్ము లేదు.

"మరిప్పుడు ఎందుకు?" అన్నాను. అడగకూడని ప్రశ్న. నాకు అడగకూడనివే బాగా వస్తాయి.

"ఇప్పుడు గూడ వానకు లేస్త గదరా," అన్నాడు. "పోయి ఆమె బల్ల మీదనే కూసుంట. చోటిస్తరు. ఊకెనే పోయి కూసుంటే ఇస్తరా?"

నిజమే, వాన లేకుండా ఆడవాళ్ళ వైపు ఒక ముసలాయన పోయి కూర్చుంటే, సంఘం మీటింగు పెడుతుంది. తీర్మానం చేస్తుంది. కమిటీ వేస్తుంది.

నాయిన ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "రాస్తున్నవట గదా బిడ్డా. రాయి. తప్పు నాదే అని రాయి. పుస్తకంల రాస్తే ఎవడు చదువుతడు?"

ఆమె తలూపింది. ఐదో అధ్యాయం మీద ఇంత నమ్మకం ఆమె గైడుకు కూడా లేదు.

తిప్పిన ఆరు పలకలూ మళ్ళీ తీశాను. గాటు బయటికి, పెదవి లోపలికి పెట్టి దింపాను. పనివాళ్ళు నా ముఖం చూశారు. పొద్దున తిప్పమన్నాడు, సాయంత్రం మళ్ళీ తిప్పమంటున్నాడు, పెద్ద మేస్త్రి కొడుకు కాబట్టి ఏమీ అనలేకపోయారు. పుచ్చిన నాలుగింటి బదులు కొత్త టేకు పలకలు కోశాను. అడుగు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు చెక్కాను. సందులో నిలబడి, నా దిక్కు చూసేలా. నాకు తెలిసి తప్పుగా చేసిన పని అదొక్కటే. తెలియక చేసినవి క్యాంపస్ నిండా ఉన్నాయి. ఆ తప్పును కూడా మా నాయిన పక్కన కూర్చుని పలకల సందు సందుకూ వేలు పెట్టి తనిఖీ చేశాడు. ఒక చోట పెదవి గట్టిగా కూర్చుంది, నీళ్ళు రావేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. అక్కడ కొంచెం చిత్రిక పట్టించాడు.

వార్షికోత్సవం నాడు సెక్రెటరీ ఆ వాక్యం చెప్పాడు. ఒక్క పలక కూడా తప్పిపోకుండా. నాయినకు శాలువా కప్పారు. ఆ అమ్మాయి పది నిమిషాలు మాట్లాడింది. దొర గీసిన బొమ్మ, లారీలు, పెంకులు అన్నీ చెప్పి, పడమటి గోడ బొమ్మ వచ్చినప్పుడు, "ఇది పడమటి గోడ," అని తర్వాతి బొమ్మకు పోయింది. అంతలో మొదలైంది వాన. ముందు పెంకుల మీద నాలుగు చినుకులు, తర్వాత కుండపోత. సంఘమంతా పడమటి గోడ వైపు చూసింది. కొత్తగా బాగుచేసిన గోడ కదా.

కారింది. ఎప్పటికన్నా బాగా కారింది.

సెక్రెటరీ మైకు పట్టుకునే నన్ను వెతికాడు. "గిదేం పనయ్యా? నాలుగు దినాలు పట్టె. కొత్త పలకలేస్తివి. ముందట గింత కారకపోయె గదా!"

నవ్వారు జనం. నా భార్య తూర్పు వైపు నుంచి తల దించుకుంది. ఆ అమ్మాయి లాప్‌టాప్ మూత వెనక ముఖం దాచుకుంది. నేను జవాబు కోసం మా నాయిన వైపు చూశాను. ఆయన ముందు వరసలో, కొత్త శాలువాలో, చాలా గంభీరంగా ఉన్నాడు.

"కొత్త చెయ్యి," అన్నాడు మైకు లేకుండానే అందరికీ వినపడేలా. "నేర్చుకుంటడు."

నాకు నలభై ఎనిమిదేళ్ళు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. వెనక బల్ల నుంచి కదా లేవాలి, నాయిన మాత్రం ముందు వరస నుంచే అందరికన్నా ముందు లేచాడు. కర్ర కూడా మర్చిపోయాడు. తూర్పు వైపు మూడో బల్ల దగ్గరికి పోయి, కిటికీ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. ఆ చోటులోకి ఎవరూ జరగలేదు. నేను పోయి నా భార్య పక్కన కూర్చున్నాను. "ఇజ్జత్ తీసినవ్," అంది పాట మధ్యలో. చేతిలో ఉన్న రుమాలు మాత్రం ఇచ్చింది, చొక్కా తుడుచుకోమని.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పలకల సందులు పూడ్చమని నాకు ఒక లప్పం డబ్బా ఇచ్చింది. అది మా ఇంట్లో, శాలువాల పెట్టె కింద ఉంది. ఇంకా మూత తియ్యలేదు.